నవ్వు రాకపాయె: ఒక మన్ననూరు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలము: గా మిలట్రీ సిన్మ మల్లొకపారి జూస్తిమి, నవ్వు రాకపాయె.

అవతారిక. ఈ మహావాక్యానికి కర్త ఎవరన్న విచారం అనవసరం. పుట్టుక ఎలాంటిదో ఊహిస్తే చాలు. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద మన్ననూరు దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు ఉంది. అక్కడి నుంచి అమ్రాబాదు పులుల అడవి. రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది, పొద్దున ఆరింటికి లేస్తుంది. తొమ్మిదీ అయిదుకు చేరుకున్న బండివాడి చేతిలో తొమ్మిది గంటల కాలమూ ఒక ఫోనూ మిగులుతాయి. ఆ స్థితిలో ఎవరైనా అనదగిన వాక్యమిది. భాష చక్కని పాలమూరు నుడి. ఈ సీమకు వ్యాఖ్యానాలు కొత్త కావు. ఏటేటా పండిత సభలు జరిపి శాస్త్రచర్చలు చేయించిన గద్వాల సంస్థానానికి ‘విద్వద్గద్వాల’ అనే పేరే ఉండేది. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిదీ తెలంగాణమే, మెదకు సీమలోని కొలిచెలమ. మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ఆయన ముందే మాట ఇచ్చి కలం పట్టాడు. ఈ వ్యాఖ్యాత మొదటి సగానికి కట్టుబడతాడు. రెండో సగం సంగతి పాఠకులే చూసుకోవాలి.

ప్రతిపదార్థము. గా = అందరూ ఎరిగిన ఆ; మిలట్రీ = సైన్యానికి సంబంధించినదని పేరుమోసిన; సిన్మ = చలనచిత్రమును; మల్లొకపారి = ఇంకొక పర్యాయము; జూస్తిమి = చూచితిమి; నవ్వు = హాసము; రాకపాయె = రాక పోయెను. అన్వయం సుగమం. ఛందస్సు విషయానికి వస్తే ఇది వచనమే. అయినా ‘పాయె’ దగ్గర గొంతు దిగే తీరు విన్నవాళ్ళు పద్యమేమోనని సందేహపడితే తప్పు పట్టలేం.

‘గా’ అనే ఒంటి అక్షరం మీదనే మొదటి వివాదం. పేరు చెప్పకుండా ‘గా సిన్మ’ అన్నాడంటే విన్నవాడికి ఏదో తెలిసి తీరాలి. తెలుగులో సైనికుడు కథానాయకుడైన సినిమాలు ఉన్నాయి గానీ, నవ్వించడానికి బయలుదేరినవి తక్కువ. అటువంటి వాటిలో ఊరూరా తెలిసినది 2020 జనవరి 11న సంక్రాంతికి వచ్చిన ‘సరిలేరు నీకెవ్వరు’. దర్శకుడు అనిల్ రావిపూడి, మేజర్ అజయ్ కృష్ణగా మహేశ్ బాబు, ప్రొఫెసర్ భారతిగా చాలా ఏళ్ళ విరామం తర్వాత తెర మీదికి వచ్చిన విజయశాంతి, మంత్రి నాగేంద్రగా ప్రకాశ్ రాజ్. మన్ననూరువాడు ‘గా’ అని వేలు చూపడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ సినిమాలో నల్లమల పేరు చెప్పి ఒక అడవి ఘట్టం పెట్టారు. లోడు ఎత్తాలని రమణను తొందరపెడుతూ, చెక్‌పోస్టు పడుతుందని ఒకడు కంగారుపడే మాట అక్కడిదే. ఆ మాట సినిమాను దాటి ఎక్కడెక్కడికో పాకింది. నల్లమల అంచున, అసలైన చెక్‌పోస్టు పక్కన ఉన్నవాడికి అది సొంత ఇంటి ప్రస్తావన లాంటిది.

‘మిలట్రీ’ అనే పదానికి పాలమూరులో నానార్థాలున్నాయి. మీసానికి ముందు పెడితే ఒక అర్థం, సీసాకు ముందు పెడితే వేరే అర్థం, హోటలుకు ముందు పెడితే మాంసాహారం. చరిత్రలోకి పోతే ఈ సీమకు సైన్యంతో ఉన్న లావాదేవీ చిన్నది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికా మనుషులతో ఒక అశ్వదళాన్ని పెంచాడు. ఆయన తర్వాత ఆ దళం నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులో మాసబ్‌ట్యాంకు పక్కన ఏసీ గార్డ్స్ అని పిలిచే పేట ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డుల పేరిటిదే. అంటే వనపర్తి నుంచి రాజధానికి మిలట్రీని ఎగుమతి చేసిన సీమ ఇది. ఇక్కడి మనిషి ఒక సినిమాను మిలట్రీ సిన్మ అన్నప్పుడు ఆ విశేషణం బరువు తూచకుండా వదలకూడదు. తూచి చూస్తే ఏం తేలుతుంది? కథ కాశ్మీరంలో మొదలవుతుంది. ఒక ఆపరేషనులో తోటి సైనికుడు తీవ్రంగా గాయపడతాడు. అతని ఇంటికి, పెళ్ళి పనులు జరుగుతున్న ఆ కర్నూలు ఇంటికి, అండగా నిలవడానికి మేజరు బయలుదేరుతాడు. అక్కడి నుంచి రైలు, పెళ్ళి, మంత్రి, కొండారెడ్డి బురుజు, నల్లమల. సైన్యం మళ్ళీ గట్టిగా కనిపించేది ముగింపులోనే. రెండు గంటల నలభై తొమ్మిది నిమిషాల నిడివిలో మధ్యనంతా నడిపించేది సెలవు మీద ఉన్న సైనికుడు. కర్పూర అరటిపండులో కర్పూరం ఎంత ఉంటుందో, ఈ మిలట్రీ సిన్మలో మిలట్రీ అంతే ఉంది. ఇది దోషారోపణ కాదు, కొలత మాత్రమే. దోషం వేరేచోట ఉంది.

ఆ చోటు తెలియాలంటే ‘నవ్వు’ అనే పదం దగ్గర ఆగాలి. భరతుడు హాసాన్ని స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు మెట్లుగా కట్టాడు. అంతకంటే మనకు పనికొచ్చేది ఆయన చెప్పిన రసాల పుట్టుక. శృంగారం నుంచి హాస్యం పుడుతుంది, రౌద్రం నుంచి కరుణ, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం. వీరం కడుపున అద్భుతం పుడుతుందే గాని హాస్యం పుట్టదు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సినిమా మొత్తం విడిపోతుంది. మేజరు తుపాకీ పట్టినా, బురుజు దగ్గర చెయ్యెత్తినా మనం నోరు తెరిచి చూస్తాం. అది అద్భుతం. నవ్వు కావలసి వచ్చినప్పుడల్లా దర్శకుడు అతణ్ణి రైలు బోగీలో నాయిక కుటుంబం పక్కకు జరిపి, వాళ్ళు అతని వెంటపడుతుంటే చూపిస్తాడు. అది శృంగారాభాసం నుంచి పుట్టిన హాస్యం, శాస్త్రసమ్మతమే. కానీ అందులో యూనిఫారం ప్రమేయమేమీ లేదు. మేజరు స్థానంలో బ్యాంకు ఉద్యోగిని కూచోబెట్టినా ఆ బోగీలో నవ్వు అంతే వస్తుంది. మిలట్రీ నవ్వు వేరే జాతిది. ఆజ్ఞకూ మనిషికీ మధ్య ఉన్న ఎడం నుంచి అది పుడుతుంది. అందరూ ఎడమ కాలు వేస్తున్నప్పుడు ఒక్కడి కుడి కాలు ముందుకు రావడం, ‘కుడివైపు తిరుగు’ అంటే ఇద్దరు ఎదురెదురుగా తిరిగి ముఖాలు చూసుకోవడం, తెల్లవారుజామున పరుపు మడత సరిగా లేదని ఒకడు ఊరంతా పరుగెత్తడం. ఆజ్ఞ ఇచ్చేవాడు నవ్వించలేడు, పాటించబోయి తడబడేవాడే నవ్విస్తాడు. మన మేజరు కథలో ఆజ్ఞ ఇచ్చేవాడే. అతణ్ణి గద్దించి నిలబెట్టే పైఅధికారితో కథకు అవసరమే పడదు.

1918లో చాప్లిన్ తీసిన ‘షోల్డర్ ఆర్మ్స్’ ఈ లెక్కకు తొలిపాఠం. యుద్ధం ఇంకా ముగియకముందే విడుదలైన సినిమా అది. కవాతులో చార్లీ పాదాలు రెండూ పక్కలకు తిరిగి ఉంటాయి, సరిచేసుకోమన్నా సరిపడవు. సైన్యం ఒక పాదం తీరునే మార్చలేకపోయిందన్నదే అక్కడి హాస్యం. తర్వాత శత్రువుల మధ్య చిక్కుకున్నప్పుడు అతను చెట్టుమోడు వేషం వేసుకుని నిలబడతాడు. శత్రు సైనికుడు వెంటపడితే మోడు అడవిలో పరుగెత్తుతుంది. మన సినిమాలోనూ అడవి ఉంది. చాప్లిన్ అడవిలోకి పోయి చెట్టు అవుతాడు, మన మేజరు అడవిలోకి పోతే చెట్లు పక్కకు తప్పుకోవాలి. నల్లమలలో పులి కూడా గాలి వాసన చూసి, ఆగి, ఆగి అడుగు వేస్తుంది. తెర మీది వీరుడికి ఆ జాగ్రత్త కూడా అక్కర లేదు. జాగ్రత్త అక్కర లేనివాడికి పొరపాటు జరగదు, పొరపాటు జరగనివాడి దగ్గర నవ్వుకు పని ఉండదు.

ఇక్కడ మొదటి పూర్వపక్షం. తెలుగు సినిమాలో నాయకుడు అభిమానుల దేవుడు, అతణ్ణి కవాతులో తడబడనివ్వడం కుదరని పని, దర్శకుణ్ణి ఏమి అనీ లాభం లేదు అని. కుదిరిన సాక్ష్యం ఉంది కాబట్టి ఈ వాదం నిలవదు. 2004 మార్చి 26న వచ్చిన శ్రీను వైట్ల ‘వెంకీ’లో రవితేజ, అతని ముగ్గురు స్నేహితులు విశాఖ నుంచి పోలీసు శిక్షణకని హైదరాబాదు రైలెక్కుతారు. అది పోలీసు, ఇది సైన్యం అన్న భేదం నిజమే గాని మన పనికి అడ్డం రాదు. ఈలకు లేవడం, వరుసలో నిలబడటం, పైవాడికి జవాబు చెప్పలేకపోవడం రెండుచోట్లా ఒకటే. అందులో రవితేజ శిక్షణ మైదానంలో అందరితో పాటు వెర్రివాడు కాగలిగాడు. రెండు సినిమాల్లోనూ అందరూ తలచుకునేది రైలు హాస్యమే అన్నది విచిత్రం. తెలుగువాడికి రైలు పెట్టె ఒక రచ్చబండ. దిగిపోయే వీలు లేక, కొత్తవాళ్ళతో మోకాళ్ళు తగిలేలా కూచుని, పక్కవాడి టిఫిను డబ్బా మీద అభిప్రాయం చెప్పక తప్పని చోటు అది. అయితే రైలు దిశ చూడండి. ‘వెంకీ’ రైలు మనుషుల్ని బరాకుల వైపు మోసుకుపోతుంది. బోగీలో విచ్చలవిడిగా ఉన్నవాళ్ళకు ముందు స్టేషనులో ఈల, లాఠీ, అశుతోష్ రాణా కాచుకుని ఉంటారు. రైలులో పోగైన అల్లరి అంతా మైదానంలో శిక్షగా మారి రెండోసారి నవ్విస్తుంది. ‘సరిలేరు’ రైలు మనిషిని బరాకుల నుంచి దూరంగా మోసుకుపోతుంది. దాదాపు అరగంట నడిచే ఆ ఘట్టంలో నవ్వు ఎంత పోగైనా దిగాక ఖర్చు పెట్టే చోటు లేదు. దిగేది కర్నూలు. అక్కడ ఎదురయ్యేది ప్రకాశ్ రాజ్. 2003లో ఇదే నాయకుడి ‘ఒక్కడు’ సినిమా బాకీ పెట్టిన కొండారెడ్డి బురుజు మీది లెక్క తీర్చుకోవాలి. హైదరాబాదు మీదుగా కర్నూలు పోయే రైలు గద్వాల దాటి, తుంగభద్ర మీది వంతెన ఎక్కగానే సీమ మారుతుంది. ఈ సినిమాలో ఆ వంతెన దగ్గర రసమే మారిపోయింది. హాస్యం గద్వాల ప్లాట్‌ఫారం మీదే దిగి ఉండిపోయిందని చెప్పినా అతిశయోక్తి కాదు.

పరదేశాల్లో ఇదే జబ్బు ఇంకో తీరుగా వచ్చింది. ఐవన్ రైట్‌మన్ 1981లో తీసిన ‘స్ట్రైప్స్’లో బిల్ మర్రే పనీపాటా పోగొట్టుకుని సైన్యంలో చేరతాడు. శిక్షణ జరిగినంతసేపు, సార్జెంటు హల్కా అరుస్తున్నంతసేపు బొమ్మ పరుగెత్తుతుంది. శిక్షణ ముగిసి, యుద్ధవాహనం వేసుకుని చెకొస్లొవాకియా సరిహద్దు దాటగానే పోకిరి కాస్తా వీరుడవుతాడు, నవ్వు అక్కడే దిగిపోతుంది. అమెరికావాడు సగం దూరం వచ్చాక చేసిన తప్పును మనవాళ్ళు మొదటి రీలులోనే చేశారని అంటే సరిపోతుంది.

రెండో పూర్వపక్షం కొంచెం బరువైనది. సరిహద్దులో ప్రాణాలొడ్డే సైనికుణ్ణి చూసి నవ్వడం మర్యాదేనా అని. 2020 జూలైలో రక్షణ శాఖ కూడా సైన్యం మీది సినిమాలకు, వెబ్ సిరీసులకు ముందుగా అనుమతి తీసుకోవాలని సెన్సారు బోర్డుకు లేఖ రాసింది. ‘సరిలేరు’ దానికి ఆరు నెలల ముందే థియేటర్లకు వచ్చింది కాబట్టి లేఖ భయంతో హాస్యం తగ్గించారని సర్దిచెప్పుకునే వీలు లేదు. మర్యాద మాటకు వస్తే, సైనికుడి మీద నవ్వడం వేరు, సైనికుడి పాట్లకు నవ్వడం వేరు. మంచులో మూడు రోజులు పప్పే తిన్న సంగతి, సెలవు చీటీ మీద సంతకం కోసం ఎండలో నిలబడ్డ సంగతి, తెలుగు తప్ప రానివాడు పంజాబీ హవల్దారుకు కడుపునొప్పి సైగలతో చెప్పబోయి పరుగుపందెంలో నిలబడ్డ సంగతి: పట్టాళం నుంచి దిగినవాడు ఊళ్ళో చెప్పుకునేవి ఇటువంటివే. ఈ మాటలకు నవ్విన ఊరు అతణ్ణి తక్కువ చేసినట్టు కాదు, తనవాణ్ణి చేసుకున్నట్టు. ‘సరిలేరు’ మాత్రం సైనికుణ్ణి ఎత్తైన పీట మీద కూచోబెట్టి, కింద ఉన్న పౌరులకు త్యాగం గురించి పాఠం చెప్పిస్తుంది. ఆ పాఠాలు తప్పని కాదు. వినేవాడు మాత్రం వెన్ను నిటారుగా పెట్టి కూచుంటాడు. నిటారుగా కూచున్నవాడికి కడుపారా నవ్వు రాదు.

అసలు దుఃఖమంతా ముగింపు దగ్గర ఉంది. మంత్రి నాగేంద్రను చంపి కథ ముగించకుండా సైనిక శిబిరానికి తీసుకెళ్ళి మనిషిగా మార్చాలని చూస్తారు. ఒక్కసారి ఆలోచించండి. ఇస్త్రీ చొక్కా నలగకుండా బతికిన మంత్రి, ఎడమ కుడి తెలియని అతని అనుచరులు, మంచు, ఈల, ‘సావధాన్’! చాప్లిన్ పాదాల మీద నిలబెట్టిన భవనానికి ఇక్కడ పునాది తవ్వి పెట్టి ఉంది. ప్రకాశ్ రాజ్ లాంటి నటుడు కవాతు చేస్తూ కుడి ఎడమలు మరిచిపోయే ఘట్టానికి ఒక రీలు ఇచ్చినా చాలేది. మిలట్రీ హాస్యం మొదలు కావలసిన చోట సినిమా మంగళం పాడింది. ఈ ముగింపు కోసం మధ్యాన్ని, మధ్యం కోసం మొదటిని తిరగేసి రాసుకుంటే సరిపోయేదని చెప్పడం వ్యాఖ్యాత హద్దు మీరడమే. మల్లినాథుడి దగ్గర రెండో సగం మాట ఇవ్వకపోవడం ఇందుకే పనికొచ్చింది.

‘మల్లొకపారి’ అనే పదాన్ని పట్టుకుని మూడో పూర్వపక్షం లేస్తుంది. ఏ సినిమా అయినా రెండోసారి చూస్తే నవ్వు తగ్గుతుంది, ఇందులో దీని నేరమేముంది అని. తగ్గాలన్న నియమమేమీ లేదు. ‘మాయాబజార్’ 1957 నుంచి మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉన్నాం, ‘వెంకీ’ 2023 డిసెంబరు 30న థియేటర్లకు తిరిగి వచ్చినప్పుడు హాళ్ళలో జనం మాటలు ముందుగానే అందుకున్నారు. రెండోసారి నిలిచే నవ్వు మనిషి స్వభావం నుంచి వస్తుంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉండి గద మోసేవాడి నడక నడుస్తాడని తెలిసే ఎదురుచూస్తాం. రెండోసారి చెల్లని నవ్వు పలికిన మాట నుంచి వస్తుంది. ‘సరిలేరు’ హాస్యంలో ఎక్కువ పాలు పల్లవి మాటలది. ఒకే మాటను ఒక మనిషి నోట పదిసార్లు పలికించి, పదకొండోసారి హాలు తనంతట తాను పలికేలా చేయడం. సంక్రాంతి వారంలో, నిండిన హాలులో, పక్క సీటు ఈలల మధ్య అది పనిచేసింది. సినిమా ఆడిన మాట నిజం, జనం నవ్విన మాటా నిజం. ఆ జనం పండక్కి నవ్వుదామని ఇంట్లోనే నిశ్చయించుకుని వచ్చారు. పొలం దగ్గర తిన్న జొన్నరొట్టె రుచికి సగం కారణం ఆకలి అయినట్టు, ఆ నవ్వుకు సగం కారణం సంక్రాంతి. మన్ననూరు గేటు దగ్గర రాత్రిపూట ఫోను పట్టుకుంటే చుట్టూ సంక్రాంతి ఉండదు, ఈల ఉండదు, బయట చిమ్మెట మాత్రం ఉంటుంది. మాటకు ప్రతిధ్వని ఇచ్చే జనం లేనప్పుడు పల్లవి ఒంటరిదవుతుంది. ‘జూస్తిమి’ అన్న బహువచనాన్ని వ్యాఖ్యాతలు తేలిగ్గా దాటకూడదు. ఒక్కడు కాదు, ఇద్దరు ముగ్గురు కలిసి చూశారు. అయినా రాలేదంటే లోపం చూసినవాడి పిత్తానిది కాదని సిద్ధిస్తుంది.

చెక్‌పోస్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గేటు దగ్గర నిలబడే అటవీ ఉద్యోగి కూడా యూనిఫారం మనిషే. తొమ్మిది దాటాక వచ్చిన కారులో ఎవరున్నా అతనికి ఒకటే మాట చెప్పాలి. కారులోవాడు పేరు చెబుతాడు, ఊరు చెబుతాడు, పెద్దవాళ్ళ పేర్లు చెబుతాడు, చివరికి మల్లన్న పేరు కూడా చెబుతాడు. అవతల జింక రోడ్డు దాటుతోంది, దానికి ఇవేవీ తెలియవు. నియమం ఒకవైపు, మనిషి ఒకవైపు, మధ్యలో అడ్డంగా ఒక గేటు. మిలట్రీ హాస్యానికి కావలసిన సరంజామా అంతా అక్కడ రోజూ పోగవుతుంది. సినిమా అదే చెక్‌పోస్టు మాటను పట్టుకుని, అందులోని భయాన్ని మాత్రం ఒకడి నోట పల్లవిగా మార్చి, గేటును తీసుకోకుండా పోయింది.

ఇక ‘రాకపాయె’. ‘రాలేదు’ అంటే సరిపోదా అని కోస్తా వైయాకరణి అడుగుతాడు. సరిపోదు. ‘రాలేదు’ అన్నది జరగని పని గురించి ఇచ్చిన వార్త. ‘రాకపాయె’లో కాచుకున్న సమయం ఉంది. మృగశిర దాటినా వాన రాకపాయె అంటాం, దవాఖానకు పోదామంటే బస్సు రాకపాయె అంటాం. వస్తుందని నమ్మి, గడప మీద నిలబడి, చెయ్యి నుదుటి మీద పెట్టి చూసి, ఇక లోపలికి తిరిగే వేళకు అనే మాట అది. తిట్టు లేదు, ఫిర్యాదు కూడా పూర్తిగా లేదు. సినిమా బాగాలేదని కర్త ఎక్కడా అనలేదని గమనించాలి. విజయశాంతిని చూస్తే కలిగే గౌరవం, రైలులో నడిచిన సందడి, దేవిశ్రీ ప్రసాద్ వాద్యాల హోరు, వీటిలో దేన్నీ అతను కాదనడం లేదు. ఒక్క నవ్వు మాత్రం, మొదటిసారి వచ్చినట్టే గుర్తున్న నవ్వు, రెండోసారి రావలసిన దారిలో రాకపాయె. ఈ మాటను ‘నిరాశపరిచింది’ అని తర్జుమా చేసేవాళ్ళు మూలానికి అన్యాయం చేస్తారు.

పాఠాంతరము. కొందరి నోట ‘నవ్వు రాకపాయె’ అనే చోట ‘నిద్ర రాకపాయె’ అని వినిపించడానికి అవకాశం ఉంది. లయలో తేడా లేదు, అన్వయం కూడా చెడదు. గేటు తెరిచేదాకా మేలుకుని ఉండటమే ఉద్దేశమైతే ఆ పాఠం ప్రకారం సినిమా తన పని తాను చేసినట్టే. ఇంకొన్నిచోట్ల ‘నిద్ర వచ్చె’ అని ఉంటే ఉండవచ్చు. అది లేఖకదోషమని తోసివేయబోయేవారు నిడివి మాట గుర్తు తెచ్చుకోవాలి. ఏ పాఠం గ్రహించినా గేటు లేచేది ఆరింటికే.